ఓటున్న జిల్లా సంఘానికి లీగ్ ఎందుకు లేదు?

పోస్ట్ పెద్దదే, ఓపిక చేసుకుని చివరి దాకా చదవండి. చివర్లో మనం చేయాల్సిన పని కూడా రాశాం.

మన గ్రూపులో జీవో 3 గురించి, పోడు పట్టాల గురించి, స్కాలర్‌షిప్ బకాయిల గురించి, హాస్టల్ మెస్ చార్జీల గురించి మాట్లాడుకుంటాం. ఫుట్‌బాల్ సంఘాల గురించి ఎవరూ రాయరు. ఆటే కదా, దానికింత చర్చ ఎందుకు అనుకుంటారు. ఎందుకో ముందే చెప్తాం. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో స్పోర్ట్స్ కోటాకి కొన్ని ఫారాలు ఉంటాయి. దేశం తరఫున ఆడితే ఫారం 1, దాని మీద జాతీయ సమాఖ్య కార్యదర్శి సంతకం. రాష్ట్రం తరఫున జాతీయ పోటీలు ఆడితే ఫారం 2, దాని మీద రాష్ట్ర సంఘం కార్యదర్శి సంతకం. యూనివర్సిటీల పోటీలైతే ఫారం 3, స్కూల్ గేమ్స్ అయితే ఫారం 4. అంటే గూడెంలో పుట్టిన పిల్ల ఎంత బాగా ఆడినా, బడి, కాలేజీ దాటాక ఆమె ఆటకి విలువ కట్టేది ఒక సంఘం కార్యదర్శి సంతకం. ఆ సంతకం దాకా పోవాలంటే రాష్ట్ర జట్టులో ఉండాలి. రాష్ట్ర జట్టులో ఉండాలంటే జిల్లా జట్టులో ఆడాలి. జిల్లా జట్టు గేటు దగ్గర ఎవరు కూర్చున్నారు? జిల్లా సంఘం. అందుకే రాస్తున్నాం.

మా జిల్లా పేరు, రాష్ట్రం పేరు రాయట్లేదు. భయపడి కాదు. ఈ గ్రూపులో రెండు రాష్ట్రాల వాళ్ళున్నారు. పేరు రాస్తే "ఓహో, అది వాళ్ళ జిల్లా గొడవ" అని పక్కన పెడతారు. ఇక్కడ మనిషి ముఖ్యం కాదు. మనిషి మారినా అదే పని చేయించే పద్ధతి ఒకటుంది, మా గొడవ దానితో.

ఈ సంఘాలు ఎట్లా నడుస్తాయి

పైన ఫీఫా. దాని కింద ఆసియా సమాఖ్య. దాని కింద 1937లో పుట్టిన అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య, అందరూ ఏఐఎఫ్ఎఫ్ అంటారు. దాని కింద రాష్ట్ర సంఘాలు, వాటి కింద జిల్లా సంఘాలు, జిల్లాల కింద క్లబ్బులు. కాగితం మీద చూస్తే పెద్ద చెరువు నుంచి పిల్లకాలవ దాకా నీళ్ళు పారే ఏర్పాటు లాగా ఉంటుంది. పైనుంచి డబ్బు, కోచ్‌లు, రిఫరీ శిక్షణ, టోర్నమెంట్లు కిందికి రావాలి. కిందినుంచి ఆటగాళ్ళు పైకి పోవాలి.

ఇప్పుడు కిందినుంచి పైకి చూడండి. 2022లో ఢిల్లీలో అధ్యక్షుణ్ణి ఎన్నుకున్నది రాష్ట్ర సంఘాలు. రాష్ట్ర సంఘం పెద్దల్ని ఎన్నుకునేది జిల్లా సంఘాలు. జిల్లా సంఘం పెద్దల్ని ఎన్నుకునేది క్లబ్బులు. అంటే ప్రతి మెట్టు మీద ఉన్నవాళ్ళకి కింది మెట్టు వాళ్ళ ఓటు కావాలి. మంచిదే కదా, ప్రజాస్వామ్యమే కదా అనిపిస్తుంది. కానీ ఒక్క ప్రశ్న వేసుకోండి. మీ దగ్గర లీగ్ ఎందుకు జరగలేదు, ఏజెన్సీ మండలాల్లో ఒక్క క్లబ్బు కూడా ఎందుకు లేదు అని జిల్లా సంఘాన్ని అడగాల్సింది ఎవరు? రాష్ట్ర సంఘం. గట్టిగా అడిగితే ఏమవుతుంది? వచ్చే ఎన్నికలో ఆ జిల్లా ఓటు పోతుంది. అందుకని అడగరు. జిల్లా వాళ్ళు కూడా పైవాళ్ళని లెక్కలు అడగరు, ఎందుకంటే పైవాళ్ళు వీళ్ళని ఏమీ అడగట్లేదు. నన్ను నువ్వు అడగకు, నిన్ను నేను అడగను. ఓటుకి బదులు మౌనం. ఈ బేరంలో నష్టపోయేది ఓటు లేనోడు. ఆటగాడికి ఓటు లేదు. మన ఊళ్ళకి క్లబ్బు లేదు కాబట్టి మన ఊళ్ళకి అసలే లేదు.

ఇది మేం ఊహించి రాస్తున్నది కాదు. పై మెట్టు మీద ఏం జరిగిందో దేశమంతా చూసింది. 2022 సెప్టెంబర్ 2న ఏఐఎఫ్ఎఫ్ అధ్యక్ష ఎన్నిక జరిగింది. ఒక వైపు మాజీ గోల్‌కీపర్, రాజకీయ నాయకుడు కల్యాణ్ చౌబే. ఇంకో వైపు ఇండియా కెప్టెన్‌గా చేసిన సిక్కిం మనిషి బైచుంగ్ భూటియా. మొత్తం 34 ఓట్లు. చౌబేకి 33, భూటియాకి 1. భూటియా పేరు ప్రతిపాదించింది ఆంధ్ర సంఘం, బలపరిచింది రాజస్థాన్ సంఘం. రెండు సంఘాలు సంతకం పెట్టిన మనిషికి పడింది ఒక్క ఓటు. ఎవరు ఎటు వేశారో రహస్య బ్యాలెట్, మనకనవసరం. భూటియా గెలిస్తే అన్నీ బాగుపడేవని కూడా మేం అనట్లేదు. ఓట్ల లెక్కలో ఆట ఎక్కడుందో చూడమంటున్నాం, అంతే.

ఆ ఎన్నికకి ముందు సుప్రీంకోర్టు వేసిన కమిటీ ఒక ముసాయిదా రాసింది. 36 మంది మాజీ ఆటగాళ్ళకి, అందులో 12 మంది ఆడవాళ్ళకి, ఓటు ఇవ్వాలంది. ఒప్పుకోలేదు. చివరికి ఓటు రాష్ట్ర సంఘాలకే మిగిలింది. ఆడినవాళ్ళకి ఓటిస్తామంటేనే ఇంత గొడవైంది. ఇంకా ఆడుతున్నవాళ్ళ మాట, మన లాంటివాళ్ళ మాట చెప్పేదేముంది?

వాళ్ళ గొడవకి మన పిల్లలు ఎట్లా బలవబోయారో గుర్తుందా

ఏఐఎఫ్ఎఫ్ అధ్యక్షుడి పదవీకాలం 2020 డిసెంబర్‌తో అయిపోయింది. ఎన్నికలు పెట్టలేదు. 2022 మేలో సుప్రీంకోర్టు ఆ పాలకవర్గాన్ని పక్కన పెట్టి కమిటీ వేసింది. బయటివాళ్ళ జోక్యం అని చెప్పి ఆగస్టు నడిమధ్యలో ఫీఫా ఇండియాని సస్పెండ్ చేసింది. అప్పుడు ఏమేం ఆగిపోయాయో చూడండి. గోకులం కేరళ అమ్మాయిల జట్టు ఆసియా క్లబ్ పోటీలకని తాష్కెంట్ దాకా పోయింది. అక్కడికి పోయాక ఆడనివ్వలేదు, ఖాళీగా వెనక్కొచ్చారు. అక్టోబర్‌లో మన దేశంలోనే జరగాల్సిన అండర్-17 అమ్మాయిల ప్రపంచ కప్ పోయేలా ఉండింది. ఆ జట్టు కెప్టెన్ ఎవరు? అష్టమ్ ఉరావ్. ఝార్ఖండ్ గుమ్లా జిల్లాలో ఒక పల్లె, ఉరావ్ ఆదివాసీ కుటుంబం. ఆమె కెప్టెన్ అయ్యాక ఆ ఊరికి అధికారులు రోడ్డు వేయించారు. ఆ రోడ్డు పనిలో ఆమె అమ్మానాన్నలు కూలీకి పోయారు. ఈ సంగతి పేపర్లలో వచ్చింది, మీలో చాలామంది చదివే ఉంటారు.

పదిరోజుల చిల్లర తర్వాత సస్పెన్షన్ ఎత్తేశారు, కప్ జరిగింది. మన జట్టు అమెరికా చేతిలో 8-0, మొరాకో చేతిలో 3-0, బ్రెజిల్ చేతిలో 5-0 తేడాతో ఓడిపోయింది. ఓడినా సరే, ఆడారు. కుర్చీ దిగని పెద్దలు ఎవరో, వాళ్ళ వల్ల ప్రపంచ కప్ పోగొట్టుకోబోయిన పిల్ల ఎవరో పక్కపక్కన పెట్టి చూడండి. పై మెట్టు మీద జరిగే ఏ గొడవైనా చివరికి ఇట్లాంటి ఇంటి గుమ్మం ముందే వచ్చి పడుతుంది.

మా దగ్గర ఏం జరుగుతుందో

ఇప్పుడు కింది మెట్టుకి వద్దాం. మా హాస్టల్లో నాలుగైదు ఏజెన్సీ మండలాల పిల్లలం ఉన్నాం. పొద్దున్నే కాలేజీ గ్రౌండ్లో ఆడుకుంటాం. మాలో సగం మంది గురుకులంలో ఉన్నప్పుడు స్కూల్ గేమ్స్‌లో జోనల్, స్టేట్ ఆడినవాళ్ళే. ఇంటర్ అయిపోయాక ఆ దారి మూసుకుపోయింది. ఇక మిగిలింది జిల్లా సంఘం.

జిల్లా సెలక్షన్స్ ఉన్నాయని మాకు తెలిసేది వాట్సాప్‌లో. రాత్రి తొమ్మిదింటికి మెసేజ్ వస్తుంది, పొద్దున ఏడింటికి జిల్లా కేంద్రంలో గ్రౌండ్ దగ్గర ఉండాలని. ఆ గ్రూపులో టౌన్ స్కూళ్ళ పీఈటీలు ఉంటారు, మన ఆశ్రమ పాఠశాలల సార్లు ఉండరు. టౌన్లో ఉండే మాకే ఎవరో ఫార్వర్డ్ చేస్తే తెలుస్తుంది. ఊళ్ళో ఉన్న మా తమ్ముళ్ళకి మేం ఫోన్ చేద్దామంటే సిగ్నల్ ఉండదు. సిగ్నల్ దొరికినా ఆ ఊరి మొదటి బస్సు ఆరున్నరకి, జిల్లా కేంద్రానికి చేరేసరికి పది. అప్పటికి లిస్టు అయిపోతుంది. ఒకసారి అడిగితే ఏమన్నారో తెలుసా? "మీ వాళ్ళు రారండీ, ఇంట్రెస్ట్ ఉండదు" అన్నారు. బస్సు రాని చోట ఇంట్రెస్ట్ లేదనడం ఎంత తేలికో!

సరే, సెలక్షన్ సంగతి వదిలేద్దాం, క్లబ్బు పెట్టుకుందాం అనుకున్నాం. క్లబ్బుకి సభ్యత్వం ఎట్లా ఇస్తారని అడిగాం. గ్రౌండ్ ఉందా అన్నారు. ఫీజు ఎంతో రాసిన కాగితం ఇవ్వమంటే ఇవ్వలేదు. వార్షిక సమావేశంలో పెడతాం అన్నారు. సమావేశం ఎప్పుడో చెప్పలేదు. ఇప్పుడున్న క్లబ్బుల లిస్టు చూపించమంటే, అది మీకెందుకు అన్నారు. మేం బయట వాకబు చేసి కొన్ని పేర్లు తెలుసుకున్నాం. వాటిలో కొన్ని ఎక్కడ ఆడతాయో టౌన్లో ఎవరికీ తెలియదు. వాటికి జెర్సీ లేదు, బంతి లేదు, గ్రౌండ్ లేదు. ఓటు మాత్రం ఉంది. మేం రోజూ ఆడతాం, మాకు బంతి ఉంది, ఓటు లేదు.

పెద్దలంటారే, అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు అని. సరిగ్గా అదే. వాళ్ళు లీగ్ పెట్టరు. మనం మన ఊళ్ళో సంక్రాంతికి టోర్నమెంట్ పెట్టుకుంటే, దాన్ని గుర్తించరు. ఆ టోర్నమెంట్లో నాలుగు గోల్స్ కొట్టినోడి పేరు ఏ రికార్డులోనూ ఉండదు.

వాళ్ళు చెప్పే సాకులు, మా జవాబులు

మొదటిది, "డబ్బులు లేవు." లీగ్‌కి ఎంత డబ్బు కావాలి? స్టేడియం అక్కర్లేదు. మండలానికి ఒక జట్టు, ఆదివారం ఒక మ్యాచ్, ఒక రిఫరీ, రెండు నెట్లు, స్కోరు రాసే ఒక నోట్‌బుక్. గ్రౌండ్లు మన జూనియర్ కాలేజీల్లో, ఆశ్రమ పాఠశాలల్లో ఉన్నాయి. పెద్ద డబ్బుతో పెద్ద క్లబ్బు తెస్తే ఏమవుతుందో కూడా చూశాం. హైదరాబాద్ ఎఫ్‌సీ 2019లో వచ్చింది, 2022 మార్చిలో ఐఎస్ఎల్ కప్పు గెలిచింది. మనమూ సంబరపడ్డాం, స్టేటస్‌లు పెట్టుకున్నాం. 2025లో అది మూటాముల్లె సర్దుకుని ఢిల్లీ పోయింది, పేరు కూడా మార్చుకుంది. పైనుంచి తెచ్చి నాటిన మొక్క వేళ్ళు పట్టలేదు. కింద లీగ్ ఉంటే, పైన క్లబ్బు పోయినా ఆట మిగిలేది.

రెండోది, "ఇది ఇక్కడి ఆట కాదు, ఏజెన్సీలో వాలీబాల్, కబడ్డీ ఆడతారు." అవును, వాలీబాల్ ఎక్కువే. దానికేం? 2024 డిసెంబర్ 31న గచ్చిబౌలిలో సంతోష్ ట్రోఫీ ఫైనల్ జరిగింది. బెంగాల్, కేరళ జట్లు. తొంభై నిమిషాలు గోల్ లేదు. ఇంజురీ టైమ్‌లో ఒక్క గోల్ పడింది, బెంగాల్ 33వ సారి కప్పు ఎత్తుకుంది. ఆ గోల్ కొట్టింది రొబి హాంస్దా, పూర్వ బర్ధమాన్ జిల్లా సంతాల్ కుర్రాడు. ఆ టోర్నమెంట్ మొత్తంలో 12 గోల్స్ అతనివే. మన రాజధానిలో, మన కళ్ళ ముందు, ఒక ఆదివాసీ బిడ్డ దేశంలోని పాత కప్పుల్లో ఒకదాన్ని తన రాష్ట్రానికి పట్టుకుపోయాడు. అతను పైకి రావడానికి అక్కడ నిచ్చెన ఉంది. బెంగాల్ సంఘం 1893 నాటిది, కలకత్తా లీగ్ 1898 నుంచి ఉంది. ఆ సంఘంలో గొడవలు లేవని కాదు, బోలెడున్నాయి. కానీ లీగ్ ఉంది. లీగ్ ఉంటే ఆడినోడు కనబడతాడు. లేకపోతే సెలక్టర్‌కి తెలిసినోడే కనబడతాడు.

మన దగ్గరా ఉన్నారు. గుగులోతు సౌమ్య నిజామాబాద్ జిల్లా బిడ్డ, లంబాడా అమ్మాయి. క్రొయేషియాలో డైనమో జాగ్రెబ్‌కి ఆడింది, ఇండియాకి ఆడుతోంది. 2024-25కి ఏఐఎఫ్ఎఫ్ ఉత్తమ క్రీడాకారిణి అవార్డు ఆమెకే వచ్చింది. ఆమె బూట్లు కట్టుకున్న చోట నేర్పే కోచ్ ఉన్నాడు కాబట్టి ఆమె సౌమ్య అయింది. కోచ్ లేని తండాల్లో, గూడేల్లో ఉన్న సౌమ్యలు ఇప్పుడు పత్తి ఏరుతున్నారు, మిరప కోతకి పోతున్నారు. అదృష్టం మీద ఒక్కరు వస్తే వార్త అవుతుంది. పద్ధతి ప్రకారం పదిమంది వస్తే దాన్ని సంఘం పని అంటాం.

మూడోది, "మీకు గురుకులాల మీట్లు, ఐటీడీఏ స్పోర్ట్స్ స్కూళ్ళు ఉన్నాయి కదా." ఉన్నాయి. కిన్నెరసానిలో మోడల్ స్పోర్ట్స్ స్కూల్ ఉంది, ఇంకా కొన్ని ఉన్నాయి. అవి సర్కారు పెట్టినవి, సంఘం పెట్టినవి కాదు. బడి దాటిన రోజుతో వాటి పని అయిపోతుంది. మనల్ని వేరే పెరట్లో ఆడుకోమని, అసలు గ్రౌండ్ గేటు వేసేయడం న్యాయమా? జిల్లా సంఘం పేరులో "జిల్లా" అని ఉంది. జిల్లా అంటే జిల్లా కేంద్రం కాదు. ఏజెన్సీ మండలాలు కూడా ఆ జిల్లాలోవే.

నాలుగోది పెద్ద సాకు. "సంఘాల్లో ఎవరూ వేలు పెట్టకూడదు, పెడితే ఫీఫా బ్యాన్ చేస్తుంది." 2022 తర్వాత ఈ మాట బాగా వాడుతున్నారు. ఫీఫా చెప్పేది బయటివాళ్ళు సంఘాన్ని చేతిలోకి తీసుకోవద్దని. ఆటగాళ్ళు బయటివాళ్ళా? క్లబ్బు పెట్టుకుంటామని అడిగేవాళ్ళు బయటివాళ్ళా? లెక్క చూపించమని అడగడం జోక్యం అవుతుందా? సర్కారు నుంచి స్వేచ్ఛ కావాలంటే ఒప్పుకుంటాం. ఆడేవాళ్ళ ప్రశ్నల నుంచి స్వేచ్ఛ కావాలంటే ఒప్పుకోం.

ఐదోది, "మేం జీతం లేకుండా చేస్తున్నాం, సేవ చేస్తున్నాం." నిజంగా చేసేవాళ్ళు ఉన్నారు, వాళ్ళకి దండం. సొంత డబ్బుతో సున్నం తెచ్చి గీతలు గీసే పీఈటీ సార్లని మేం చూశాం. మరి సేవే అయితే ఆ కుర్చీలో ఏళ్ళకేళ్ళు ఎందుకు అతుక్కుపోతారు? సేవ చేస్తామని ఇంకొకరు వస్తే సభ్యత్వం ఫారం ఎందుకు దొరకదు?

సంఘం అంటే ఎట్లా ఉండాలో మనకి తెలుసు

ఇదంతా మన నేల మీద ఎప్పుడూ ఇట్లాగే ఉందనుకోవద్దు. సయ్యద్ అబ్దుల్ రహీమ్ పేరు "మైదాన్" సినిమా వచ్చాక అందరికీ తెలిసింది. 1951, 1962 ఆసియా క్రీడల బంగారు పతకాలు, 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం ఆయన కోచ్‌గా ఉన్నప్పుడే వచ్చాయి. కానీ ఆయన హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి కూడా అని చాలామందికి తెలియదు. కోచ్, కార్యదర్శి ఒకే మనిషి. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పేద ఇంట్లో పుట్టిన తులసీదాస్ బలరాం ఆటని ఆయన చూశాడు. అంత దూరం రావడానికి నా దగ్గర డబ్బుల్లేవని ఆ కుర్రాడు అంటే, రహీమ్ సాబ్ అద్దె సైకిల్ ఏర్పాటు చేశాడు. ఆ బలరామే తర్వాత ఒలింపిక్స్ ఆడాడు, 1962 బంగారు జట్టులో ఉన్నాడు. మీ వాళ్ళు రారండీ అనే కార్యదర్శికీ, సైకిల్ అద్దె కట్టే కార్యదర్శికీ ఉన్న తేడా ఇంతే. 1956-57, 1957-58లో హైదరాబాద్, 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచాయి. ఆ తర్వాత ఇన్నేళ్ళలో మళ్ళీ మనకి ఆ కప్పు రాలేదు. పిల్లలు ఆడటం మానేశారా? వాళ్ళని వెతకడం మానేశారా?

అప్పటి హైదరాబాద్ నగరం కథ అది, మన అడవుల దాకా అప్పుడూ రాలేదు. కాబట్టి మనకి ఇంకా దగ్గరి ఉదాహరణ మిజోరం. 2011 జనాభా లెక్కల్లో మిజోరం మొత్తం జనాభా 11 లక్షల లోపే. అందులో వందకి 94 మంది ఎస్టీలు. మన రెండు రాష్ట్రాల్లో, అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో, ఎస్టీలే 59 లక్షల మంది. అంటే మిజోరం లాంటివి ఐదు మనలో ఉన్నాయి. అక్కడ కొండలు, ఇక్కడ కొండలు. అక్కడా రోడ్లు కష్టమే. ఆ రాష్ట్ర సంఘం 2012లో మిజోరం ప్రీమియర్ లీగ్ మొదలుపెట్టింది. బయటినుంచి పెద్ద కంపెనీ కోసం ఎదురుచూడలేదు. జోనెట్ అనే స్థానిక కేబుల్ టీవీతో మాట్లాడుకుని మ్యాచ్‌లు ఇళ్ళల్లో చూపించారు. రెండేళ్ళు తిరిగేసరికి, 2014లో సంతోష్ ట్రోఫీ ఫైనల్లో రైల్వేస్‌ని 3-0 తేడాతో ఓడించారు. 2017లో ఐజోల్ ఎఫ్‌సీ మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, బెంగళూరు లాంటి డబ్బున్న జట్లని దాటి ఐ-లీగ్ ఛాంపియన్ అయింది. ముందు సీజన్‌లో కింది డివిజన్‌కి పడిపోయిన జట్టు అది! వాళ్ళ కాళ్ళలో ఏదో ప్రత్యేకం ఉందని టీవీలో చెప్తారు, కొండ పిల్లలకి ఊపిరి ఎక్కువ అంటారు. ఆ మాటలు నమ్మకండి. కొండ మనకీ ఉంది, ఊపిరి మనకీ ఉంది. మనకి లేనిది లీగ్ పెట్టే సంఘం.

ఇప్పుడెందుకు అంటే

2025 సెప్టెంబర్ 19న సుప్రీంకోర్టు ఏఐఎఫ్ఎఫ్ కొత్త రాజ్యాంగానికి ఆమోదం తెలిపింది. దాన్ని రాసింది జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు, మన తెలుగాయనే. అందులో పేరున్న మాజీ ఆటగాళ్ళకి, ఆడవాళ్ళకి చోటిచ్చారు. జాతీయ సమాఖ్యలోకి ఎన్నికైతే రాష్ట్ర సంఘంలో పదవి వదులుకోవాలి అనే నిబంధన మీద ఎంత పెనుగులాట జరిగిందో చూశాం. రెండు కుర్చీల్లో ఒకటి వదలమంటేనే అంత బాధ! పైన మార్పు మొదలైంది, సంతోషం. కానీ ఢిల్లీలో రాసిన కాగితం దానంతటది మన జిల్లా ఆఫీసు దాకా నడుచుకుంటూ రాదు. కిందివాళ్ళు అడిగితేనే వస్తుంది. అడగాల్సిన కిందివాళ్ళం మనమే.

మేం అడుగుతున్నవి

1. సంవత్సరంలో ఒక్క లీగ్ కూడా నడపని జిల్లా సంఘానికి రాష్ట్ర సంఘం ఎన్నికల్లో ఓటు ఉండకూడదు. లీగ్ అంటే ఫోటో కోసం రెండు రోజుల నాకౌట్ కాదు. మ్యాచ్‌లు, స్కోర్లు, తేదీలతో రికార్డు ఉండాలి. అడగకు, అడగను అనే బేరం ఇక్కడే తెగుతుంది. ఈ ఒక్కటి జరిగితే మిగతావి సగం వాటంతటవే జరుగుతాయి.

2. క్లబ్బు సభ్యత్వానికి ఫీజు ఎంత, షరతులేంటి, ఎన్ని రోజుల్లో జవాబిస్తారు, ఈ మూడూ తెలుగులో రాసి అందరికీ కనబడేలా పెట్టాలి. కాదంటే ఎందుకు కాదో రాసివ్వాలి.

3. సెలక్షన్స్ తేదీ కనీసం పదిహేను రోజుల ముందు చెప్పాలి. ప్రతి ఆశ్రమ పాఠశాలకి, గురుకులానికి, ఐటీడీఏ ఆఫీసుకి కాగితం పంపాలి. ఏజెన్సీ ఉన్న జిల్లాల్లో ఒక సెలక్షన్ ఏజెన్సీ మండల కేంద్రంలోనే పెట్టాలి. సెలక్టర్ సారు జీపులో రాగలడు, ముప్పై మంది పిల్లలు పోలేరు.

4. ఎవరిని ఎంపిక చేశారో, ఏ ఊరు, ఏ క్లబ్బో రాసి లిస్టు బయటపెట్టాలి. అమ్మాయిల జట్టుకీ ఇదే లెక్క. అమ్మాయిల లీగ్ లేని జిల్లాని సగం జిల్లాగానే లెక్కపెట్టాలి.

5. జిల్లా సంఘం కార్యవర్గంలో ఆడినవాళ్ళు, ఏజెన్సీ మండలాల క్లబ్బుల వాళ్ళు ఉండాలి. దయతలచి ఒక కుర్చీ వేయమని అడగట్లేదు. మా క్లబ్బులకి ఓటు ఇవ్వండి, కుర్చీ సంగతి మేం చూసుకుంటాం.

మనం చేయాల్సినవి

అడిగి ఊరుకుంటే ఎవరూ ఇవ్వరు. మన రెండు రాష్ట్రాల్లో సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 2001 నాటిది. దాని ప్రకారం ఏడుగురు కలిస్తే సొసైటీ రిజిస్టర్ చేసుకోవచ్చు. ఏడుగురు! మన హాస్టల్లో ఒక్క రూములో ఉండే మందికి ఇంకో ఇద్దరిని కలిపితే చాలు. మండలానికి ఒక క్లబ్బు రిజిస్టర్ చేద్దాం. సభ్యత్వానికి దరఖాస్తు నోటితో కాదు, రిజిస్టర్డ్ పోస్టులో పెడదాం, రసీదు దాచుకుందాం. జవాబు రాకపోతే రాష్ట్ర సంఘానికి, అక్కడా రాకపోతే ఏఐఎఫ్ఎఫ్‌కి అదే కాగితం జత చేసి పంపుదాం. జిల్లా సంఘం సొసైటీగా రిజిస్టర్ అయ్యుంటే దాని నియమావళి, కార్యవర్గం లిస్టు సొసైటీల రిజిస్ట్రార్ దగ్గర ఉండాలి. అది సర్కారు ఆఫీసు, అక్కడ సమాచార హక్కు దరఖాస్తు పెట్టొచ్చు. లా చదివే అన్నలు, అక్కలు ఈ గ్రూపులో ఉన్నారు, దరఖాస్తు నమూనా మీరు రాసిపెట్టండి.

ఈలోగా మన లీగ్ మనం మొదలుపెడదాం. సంక్రాంతి టోర్నమెంట్లు ఎట్లాగూ జరుగుతాయి. ప్రతి మ్యాచ్‌కి జట్ల పేర్లు, ఆటగాళ్ళ పేర్లు, పుట్టిన తేదీలు, స్కోరు, గోల్ కొట్టినోళ్ళు, రిఫరీ సంతకం ఒక పుస్తకంలో రాద్దాం. పుట్టిన తేదీ సర్టిఫికెట్లు లేని తమ్ముళ్ళు, చెల్లెళ్ళకి ఇప్పుడే తీయిద్దాం, రేపు వయసు గ్రూపుల దగ్గర అదే అడ్డు పెడతారు. రెండేళ్ళు ఆ పుస్తకం నడిస్తే, ఓటున్న క్లబ్బుల రికార్డు ఒక పక్క, మన పుస్తకం ఒక పక్క పెట్టి అడుగుదాం, ఎవరిది క్లబ్బో చెప్పమని.

మన ఇళ్ళల్లో మొదటిసారి కాలేజీకొచ్చినోళ్ళం మనం. ఫారం ఎక్కడ దొరుకుతుందో, ఏ కౌంటర్‌లో ఇవ్వాలో చెప్పేవాళ్ళు లేక ఎన్ని పోగొట్టుకున్నామో మనకే తెలుసు. మన వెనకాల వచ్చే పిల్లలు ఈ ఒక్క ఫారం దగ్గర ఆగిపోకూడదు.

మీ మండలంలో ఫుట్‌బాల్ జట్టు ఉంటే ఊరి పేరు, ఎంతమంది ఆడతారు, గ్రౌండ్ ఎక్కడ, అమ్మాయిల జట్టు ఉందా, ఈ నాలుగూ కింద రాయండి. వచ్చే ఆదివారం కల్లా లిస్టు కడతాం. మొదటి దరఖాస్తు మా మండలానిదే పోస్టు చేస్తున్నాం, రసీదు ఫోటో ఇక్కడే పెడతాం.

జోహార్.